పాత జపాన్‌లో ఏ కాలం మీ చేతికి కుదురుతుంది?

జపాన్ పద్ధతిలో బొమ్మ వేద్దామనుకునేవాళ్లు చాలామంది 19వ శతాబ్దపు చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల దగ్గర మొదలుపెట్టి, అక్కడే విసుగెత్తి ఆపేస్తారు. అల తప్పేం లేదు. అది చెక్క మీద చెక్కి అచ్చు వేయడానికి పుట్టిన బొమ్మ. దాన్ని డ్రాయింగ్ షీటు మీద నీటిరంగుతో వేస్తే గీత కర్రలా బిగుసుకుంటుంది, నీలం మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. మెయిజీ కాలం (1868–1912) నుంచి ఇటు వచ్చిన మంచి జపాన్ చిత్రకారులు ఈ పని చేయలేదు. పాత బొమ్మలోంచి పువ్వునో కొండనో ఎత్తుకు రాకుండా, ఆ పువ్వును అలా పూయించిన పనితనం ఏదో అది పట్టుకున్నారు. ఒకరు తడిని పట్టుకున్నారు, ఒకరు సన్నగీతను, ఒకరు బంగారు ఖాళీని, ఒకరు చెక్క అచ్చును. మీరు కాలాన్ని ఎంచుకునేటప్పుడు కూడా బొమ్మ అందం చూసి కాదు, ఆ పనిలో ఏ తిప్పలు మీరు ఓర్చుకోగలరో చూసి ఎంచుకోండి.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1889లో తెరుచుకున్న టోక్యో లలితకళల పాఠశాలలో 1896 దాకా పాశ్చాత్య చిత్రకళ విభాగమే లేదు. దాన్ని నడిపిన ఒకాకురా కకుజో 1898లో బయటికొచ్చి నిహోన్ బిజుత్సుఇన్ అనే సంస్థ పెట్టాడు. పాత సామానుతో కొత్త బొమ్మ వేయాలన్న పట్టుదలకు ‘నిహోంగా’ అన్న పేరు స్థిరపడింది ఆ రోజుల్లోనే. ఇక్కడ చెప్పే ఐదు దారుల్లో మూడు ఆ గొడుగు కిందివే.

ముందు జిగురు సంగతి

ఏ దారి పట్టినా, అచ్చు పని తప్ప మిగతా పాత పద్ధతులన్నిటికీ ప్రాణం నికావా. ఆవు తోలు నుంచో జింక తోలు నుంచో తీసిన జిగురు ఇది. ఖనిజ రంగుల్లో సొంతంగా అంటుకునే గుణం ఉండదు, అవి రాతిపొడి. వాటిని కాగితానికి పట్టి ఉంచేది ఈ జిగురే. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాములు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60–70 డిగ్రీల దగ్గర కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెట్టి మరిగించారంటే పట్టు పోతుంది. చూడ్డానికి జిగురులాగే ఉంటుంది, ఆరు నెలలకు రంగు పొడిగా రాలుతుంది.

జపాన్ పుస్తకాల్లో జిగురు చల్లారితే జున్నులా గడ్డకడుతుందని రాసి ఉంటుంది. అక్కడి చలికి అది నిజం. హైదరాబాద్ ఎండాకాలంలో గదిలో పెడితే గడ్డకట్టదు. దాంతో పలచగా కలిపామేమోనని ఇంకొంచెం జిగురు కలుపుతారు. అక్కడే బొమ్మ పాడవుతుంది. జిగురు ఎక్కువైతే రంగుపొర బిగిసి పగుళ్లిస్తుంది, కాగితాన్ని కూడా లాగేస్తుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, గట్టిపడితే మీ కొలత సరిగ్గానే ఉన్నట్టు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బయట పెట్టిన జిగురు ఒక్క రోజుకే వాసన వేస్తుంది. వాసన వచ్చినదాన్ని పారబోయాలి.

రెండోది దోసా. కాగితం రంగును పీల్చేసుకోకుండా ముందుగా పూసే పూత ఇది. లీటరు నీటికి 15–20 గ్రాముల జిగురు, అందులో మూడో వంతు పటిక. కలంకారీ చేసేవాళ్లు రంగు వేసేముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు కదా, రంగు పాకకుండా. ఇదీ దాదాపు అలాంటి పనికే. పటిక ఎక్కువైతే ఆరాక కాగితం మీద చక్కెర పలుకుల్లా మెరుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ పులుపుకు కాగితం పెళుసవుతుంది. తక్కువైతే రంగు అక్కడక్కడా ఇంకిపోయి గజ్జిలా కనిపిస్తుంది.

ఖనిజ రంగులకు నంబర్లుంటాయి, 5 నుంచి 13 దాకా, ఆ పైన ‘బ్యకు’ అనే మెత్తటి పొడి. నంబరు చిన్నదైతే గింజ పెద్దది, రంగు ముదురు. ఒకే రాయిని నూరుతూ పోతే పాలిపోతుంది. 5వ నంబరు నీలం ఇసుకలా ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికి జిగురు ఎక్కువ కావాలి. కొత్తవాళ్లు 11, 12 కొనుక్కోవడం మేలు. అసలైన నీలిరాయి ఖరీదు భరించలేం అనుకుంటే గాజుకు రంగు కలిపి నూరిన ‘షిన్-ఇవా’ దొరుకుతుంది. అది కూడా బరువనిపిస్తే మట్టిరంగులైన ‘సుయిహి’ ఉన్నాయి. నేర్చుకోవడానికి ఇవే చాలు. రాయి రంగుల మెరుపు ఫోటోలో ఎలాగూ పడదు.

తడి దారి: సిరా, మసకరూపం

యొకొయామా తైకాన్, హిషిదా షున్సో ఇద్దరూ 1900 ప్రాంతంలో ఒక మొండిపని చేశారు. జపాన్ బొమ్మకు వెన్నెముక అనుకునే సిరాగీతను తీసేసి, గాలిని, మంచును, వెలుతురును రంగుతోనే చూపించబోయారు. విమర్శకులు వెక్కిరింపుగా ‘మోరో-తై’ అన్నారు. మసకరూపం అని అర్థం. పేరు అదే నిలిచిపోయింది. 1903లో ఇద్దరూ కలకత్తా వచ్చారు. తైకాన్ నీళ్ల కుంచెతో కాగితాన్ని తడపడం చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఏకంగా బొమ్మనే నీళ్లలో ముంచి కడిగే వాష్ పద్ధతికి వచ్చాడని చెబుతారు. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ మచిలీపట్నం జాతీయ కళాశాలకు వచ్చి బొమ్మలు నేర్పాడు, అడివి బాపిరాజు అక్కడే ఆయన దగ్గర నేర్చుకున్నాడు. కాబట్టి ఈ ఐదింట్లో తెలుగునేలకు వెనకనుంచైనా చుట్టరికం ఉన్న దారి ఇదొక్కటే.

పని ఇలా సాగుతుంది. దోసా పూసిన కాగితాన్ని వెడల్పు కుంచెతో తడిపి, పలచటి రంగు పరిచి, అది ఆరకముందే పొడికుంచెతో అంచుల్ని తుడుస్తూ మాయం చేయాలి. రంగు కుంచె ఒకటి, పొడికుంచె ఒకటి, రెండు చేతుల్లోనూ ఉండాలి. పొడికుంచె తడిసిందంటే ఇక అది పనికిరాదు, ఇంకోటి అందుకోవాలి. మూడైనా దగ్గర పెట్టుకోండి. మసకరూపం బొమ్మలు కొన్ని బురదగా కనిపించడానికి కారణం తెల్లరంగు. లేతదనం కోసం ప్రతి రంగులోనూ గవ్వసున్నం లాంటి గోఫున్ కలిపితే పొరలన్నీ పాలిపోయి ఒకే బూడిదరంగుకు వస్తాయి. మీరు చేసేటప్పుడు తెలుపు కలపకండి. కాగితమే తెలుపు. పలచటి పొర, పూర్తిగా ఆరాక మరో పలచటి పొర, అలా ఐదారు.

రంగు లేకుండా సిరాతోనే చేయాలంటే వెనక్కి, 15వ శతాబ్దపు సిరా చిత్రకారుడు సెషూ దగ్గరకు వెళ్లాలి. 1486 నాటి ఆయన పొడవాటి ప్రకృతి చిత్రపటాన్ని మనసులో పెట్టుకుని తైకాన్ ‘సెయ్‌సెయ్ రుతెన్’ చూడండి. 1923 నాటిది, 40 మీటర్ల సిరాపటం. కొండల్లో మంచుబొట్టు వాగై, నదై, సముద్రమై, మళ్లీ ఆకాశానికెక్కే కథ. అది ప్రదర్శనకు పెట్టిన రోజే, సెప్టెంబర్ 1న, కాంటో భూకంపం వచ్చింది. బొమ్మ బతికింది. ఇందులో గమనించాల్సింది పొడవు కాదు. మసకరూపంలో నేర్చుకున్న తడి అంతా సిరాలోకి దిగిపోయింది, గీత కూడా తిరిగొచ్చింది.

సిరా కర్రలు రెండు రకాలు. పైన్ చెట్టు పొగమసితో చేసినది పలచన చేస్తే నీలంగా తిరుగుతుంది, నూనె దీపపు మసితో చేసినది గోధుమ వన్నెకు. మంచుకు, వానకు మొదటిది. సీసాలో దొరికే సిరా సాధనకు పనికొస్తుంది గానీ చాలావాటిలో కృత్రిమ జిగురు ఉంటుంది, నీళ్లు కలిపితే అంచు గట్టిగా గీత కట్టి ఆరుతుంది. మీ మబ్బుకు చుట్టూ కోటగోడ కనిపిస్తే తప్పు మీ చేతిది కాకపోవచ్చు.

ఈ దారికి సామాను ఖర్చు తక్కువ, కాగితం ఖర్చు ఎక్కువ. దిద్దుబాటు అన్నది లేదు. పదింట్లో తొమ్మిది చించేయాల్సి వస్తుంది. అది భరించలేనివాళ్లు ఇటు రావద్దు.

గీత దారి: యమాతో-ఎ, ఇనుపతీగ

తడి దారికి పూర్తిగా వ్యతిరేక స్వభావం ఇది. యమాతో-ఎ అంటే జపాన్ సొంత పాత చిత్రశైలి. గెంజి కథకు వేసిన 12వ శతాబ్దపు చిత్రపటాల్లో కన్ను ఒక గీత, ముక్కు ఒక కొక్కెం. ఇంటి కప్పు ఎత్తేసి లోపలి మనుషుల్ని పైనుంచి చూపిస్తారు. ముందు సిరాతో గీసి, దాని మీద మందంగా రంగు వేసి, కప్పడిపోయిన గీతను మళ్లీ పైన గీస్తారు. 20వ శతాబ్దంలో ఈ కాలాన్ని సొంతం చేసుకున్నవాళ్లలో యసుదా యుకిహికో, కొబయాషి కొకెయ్, మయెదా సెయ్‌సోన్ ముఖ్యులు.

కొకెయ్, సెయ్‌సోన్ ఇద్దరూ యూరప్ వెళ్లినప్పుడు, 1923లో, బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని చైనా చిత్రకారుడు గు కైజి పేరున ఉన్న పాత పటాన్ని నకలు తీశారు. యూరప్ దాకా వెళ్లి ఆసియా గీత నేర్చుకున్నారు! ఆ నకలు ఎందుకు ముఖ్యమో కొకెయ్ 1931లో వేసిన ‘కామి’ చూస్తే తెలుస్తుంది. స్నానం ముగించిన స్త్రీ, వెనక జుట్టు దువ్వుతున్న ఇంకో స్త్రీ. ఒంటికి నీడ లేదు, కండకు గుండ్రదనం చూపే రంగు లేదు. మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంతో సాగే గీత ఒక్కటే. జపాన్‌లో దీన్ని ఇనుపతీగ గీత అంటారు. హోర్యూజీ గుడి కుడ్యచిత్రాల్లో ఉన్నది ఇదే, అజంతాకు చుట్టమని పండితులు చెప్పేదీ దీన్నే. ఆ కుడ్యచిత్రాలు 1949 జనవరి 26న అగ్నిప్రమాదంలో మాడిపోయాయి. 1967–68లో వాటిని మళ్లీ నకలు తీసిన బృందాలకు పెద్దదిక్కుగా ఉన్నది యసుదా, సెయ్‌సోన్‌లే. అరాయ్ కంపో అయితే అంతకు చాలా ముందే మన దేశం వచ్చి అజంతా బొమ్మల్ని నకలు తీసుకుపోయాడు.

యసుదా ‘కిసెగావా శిబిరం’ (1940–41) రెండు ఆరు మడతల తెరలు. 12వ శతాబ్దపు యోధులు, ఒకదానిలో అన్న యోరితోమో, ఇంకోదానిలో తమ్ముడు యోషిత్సునె. చుట్టూ దాదాపు ఏమీ లేదు. కవచం మీది ప్రతి తాడు ముడీ ఉంది. ఎక్కడ వివరం కావాలో, ఎక్కడ అక్కర్లేదో తేల్చుకోవడమే ఇందులో కష్టం. కొత్తవాళ్లు నేపథ్యం నింపేసి కవచాన్ని అరకొరగా వదిలేస్తారు.

సాధన ఒకటి చెప్తాం, ఖర్చు లేనిది. దాన్ని ‘అగె-ఉత్సుషి’ అంటారు. పాత బొమ్మ అచ్చుకాపీ మీద పలచటి కాగితం పరిచి, పై అంచును మాత్రం బరువు పెట్టి కదలకుండా ఉంచండి. కింది అంచును ఒక సన్నటి కర్రకు చుట్టండి. ఎడమచేత్తో కర్రను పైకి దొర్లిస్తే కింద అసలు బొమ్మ కనిపిస్తుంది, కిందికి దొర్లిస్తే తెల్లకాగితం. చూడటం, దించడం, కంట్లో మిగిలిన ఆకారాన్ని గీయడం, మళ్లీ ఎత్తడం. ట్రేసింగులో గీత వణుకుతుంది, ఎందుకంటే కన్ను కింది గీతను వెంబడిస్తుంది. ఇందులో చెయ్యి ముందు పోతుంది. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చేస్తే గీత నిలుస్తుంది. కుంచె నిటారుగా పట్టుకోవాలి, మణికట్టు బల్లకు ఆనించకూడదు, ఊపు భుజం నుంచి రావాలి. పెన్సిలు అలవాటున్నవాళ్లకు మొదటి నెల నరకం.

ముగ్గు వేసే చేతికి, రంగులో నీడలు వెతకని కంటికి ఇది బాగా కుదురుతుంది.

ఖాళీ దారి: రింపా

మా లెక్కలో మనవాళ్లు ఎక్కువగా దిగాల్సిన దారి ఇది, కానీ ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. బంగారు రేకు కనిపించగానే అలంకారం అనుకుంటారు.

రింపా అంటే ఎక్కువగా బంగారు ఖాళీ మీద చదునైన ఆకారాలు పెట్టే పాత చిత్రశైలి. అది గురుశిష్య పరంపర కాదు. 17వ శతాబ్దం మొదట్లో తవరాయా సోతత్సు వాయుదేవుడు, ఉరుముల దేవుడి తెరలు వేశాడు. ఆయన పోయాక పుట్టిన ఒగాతా కోరిన్ వాటిని నకలు తీశాడు. కోరిన్ పోయాక పుట్టిన సకాయ్ హోయిత్సు కోరిన్ నకలుకు నకలు తీశాడు, 1815లో కోరిన్ నూరో వర్ధంతి కూడా జరిపాడు. చచ్చినవాడిని గురువుగా పెట్టుకోవడమే ఇక్కడి ఆచారం. ఆధునికులకు అది బాగా నచ్చింది. క్యోటోకు చెందిన కమిసాకా సెక్కా 1901లో గ్లాస్గో ప్రదర్శనకు వెళ్లి, యూరప్ వాళ్లు జపాన్ అలంకారం మీద ఎంత మోజుపడుతున్నారో చూసి, తిరిగొచ్చి రింపాలోనే స్థిరపడ్డాడు. 1909–10లో ఆయన తెచ్చిన ‘మొమొయొగుసా’ మూడు సంపుటాలు, 60 బొమ్మలు. డిజైన్ పని చేసేవాళ్లు మొదట చూడాల్సింది దాన్నే.

షున్సో దారి వేరు. 1909 నాటి ‘ఒచిబా’, అంటే రాలిన ఆకులు. ఒక జత ఆరు మడతల తెరలు. నేల ఎక్కడ మొదలైందో చెప్పే గీతే లేదు. చెట్ల మొదళ్లు, రాలిన ఆకులు, దూరం పోయేకొద్దీ పలచబడే కాండాలు, అంతే. రింపాలో ఆ ఖాళీ బంగారంతో నిండి ఉంటుంది, షున్సో బంగారం తీసేసి ఖాళీని మాత్రం ఉంచుకున్నాడు. మరుసటి ఏడు ‘నల్లపిల్లి’ వేశాడు. పిల్లి బొచ్చు మసకరూపం నుంచి వచ్చింది, గీత లేదు, సిరా పొగలా ఉంది. దాని వెనక ఆకులు చదునుగా, కత్తిరించి అతికించినట్టు, రింపా నుంచి వచ్చాయి. రెండు కాలాల్ని ఒకే బొమ్మలో కలపడం ఎలాగో అడిగేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు మాకు తెలియదు. 1911లో, 36 ఏళ్లకే పోయాడు.

హయామి గ్యోషూ 1929లో ‘మెయ్‌జు చిరి త్సుబాకి’ వేశాడు. క్యోటో జిజోఇన్ గుడిలోని కమీలియా చెట్టు, రేకలు ఒక్కొక్కటిగా రాలుతున్నాయి. వెనక బంగారం. కానీ రేకు కాదు. బంగారు రేకు అంటిస్తే 10.9 సెంటీమీటర్ల చదరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కినచోట గళ్లు కనిపిస్తాయి. గ్యోషూ బంగారాన్ని పొడి చేసి, సందు లేకుండా చల్లుకుంటూ పోయాడు. ‘మకిత్సుబుషి’ అంటారు. రేకుకన్నా ఎన్నో రెట్లు బంగారం తాగే పని. ఫలితం మెరవని బంగారం, మెత్తటి గోడలాంటిది. ముందున్న చెట్టు మొదలుకు మాత్రం బరువుంది. కయామా మతజో 1970లో ‘వేయి కొంగలు’ వేసేనాటికి ఈ భాష ఇంకో తరం చేతికి వచ్చింది.

మీ బల్ల మీదకు వద్దాం. తరాషికోమి, అంటే తడి రంగులో ఇంకో చుక్క వదలడం, రింపాకు సంతకం లాంటిది. దోసా బాగా పట్టిన కాగితం, నీటిమట్టం చూసినట్టు సమంగా పెట్టిన పలక. ఆకు ఆకారంలో పలచటి సిరా నింపండి, అది మడుగులా నిలవాలి. మెరుపు ఉండగానే, కుంచె కొనతో చిక్కటి సిరానో ఆకుపచ్చ రంగునో ఒక చుక్క వదలండి. కదపకండి. బరువైన గింజ కిందికి దిగుతుంది, సన్నటిది అంచుకు ఈదుతుంది. చుక్కలో నీరు మడుగులోకన్నా తక్కువుంటే అది పడ్డచోటే ఉంటుంది. ఎక్కువుంటే ముందున్న రంగును తోసుకుంటూ పోయి గోబీపువ్వు అంచు చేస్తుంది. కోరిన్ ప్లమ్ చెట్ల మొదళ్లలో రెండూ ఉన్నాయి, ఏది ఎక్కడన్నది ఎంపికే. ఫ్యాన్ ఆపేయండి. గాలికి ఒకవైపు ముందు ఆరితే మడుగంతా అటు లాగుతుంది. మెరుపు పోయాక చుక్క వేస్తే మచ్చ పడుతుంది తప్ప తరాషికోమి కాదు.

రేకు పని ఏసీ గదిలో చేయకండి. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం, ఊపిరికి లేచిపోతుంది. చేతికి చెమట ఉంటే వేలికే అంటుకుంటుంది. మైనపు కాగితంతో ఎత్తి వేయాలి, పైన మళ్లీ పలచటి దోసా పూస్తేనే దాని మీద రంగు నిలుస్తుంది. ఇత్తడి రేకుతో నేర్చుకోవచ్చు, కానీ సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది పచ్చబడుతుంది. వెండి రేకు ఎక్కడైనా గంధకానికి నల్లబడుతుంది. కొందరు కావాలనే గంధకం సెగ చూపించి ఎరుపు, నీలం వన్నెలు తెప్పిస్తారు. అది రెండో ఏడు చేయాల్సిన పని.

అచ్చు దారి: ఉకియో-ఎ వారసులు

ఉకియో-ఎ అంటే ఎడో కాలపు (1603–1868) చెక్క అచ్చుబొమ్మలు. హొకుసాయ్ మీద మోజు తీరనివాళ్లు ఇటు రావాలి. 20వ శతాబ్దంలో ఈ దారి రెండుగా చీలింది. ప్రచురణకర్త వతనబే షోజబురో 1915 నుంచి పాత పద్ధతినే నడిపించాడు. చిత్రకారుడు గీస్తాడు, చెక్కేవాడు చెక్కుతాడు, అచ్చువేసేవాడు వేస్తాడు. షిన్-హంగా అన్న పేరు దీనిది. కవాసే హసుయ్ వానలు, మంచు రాత్రులు ఇలా పుట్టినవే. మరోవైపు యమమోతో కనాయె 1904లో ‘జాలరి’ అచ్చును తానే గీసి, తానే చెక్కి, తానే వేశాడు. సోసకు-హంగా అక్కడ మొదలైంది. మీకు చెక్కేవాడూ అచ్చువేసేవాడూ దొరకరు కాబట్టి మనసు హసుయ్ దగ్గరున్నా చేతులు కనాయె వైపే పోతాయి. మూడు రంగులకు మించకండి.

యోషిదా హిరోషి ఈ రెంటికీ మధ్య నిలిచాడు. తైలవర్ణాల నుంచి వచ్చినవాడు, సొంత పనిశాలలో పనివాళ్లను దగ్గరుండి చేయించేవాడు. ఆయన అచ్చుకు 30 సార్లకు పైగా కాగితం చెక్క మీద పడేది. 1926 నాటి తెరచాప పడవలు చూడండి. ఒకే చెక్కలు, రంగులు మార్చి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మన దేశమంతా తిరిగి చూసి వెళ్లి, 1931లో తాజ్‌మహల్‌ను కూడా పగలు, రాత్రి అలాగే వేశాడు. కొత్తగా చెక్క చెక్కే ఓపిక లేనివాళ్లకు ఇది మంచి ఉపాయం.

ఇక్కడ పని చెడేది చెక్కడంలో కాదు, కాగితం తడిలో. ముందురోజే కాగితాల్ని తడిపి, తడి న్యూస్‌పేపర్ల మధ్య పెట్టాలి. తడిసిన కాగితం సాగుతుంది. మొదటి రంగుకీ మూడో రంగుకీ మధ్య ఆరిందంటే కుంచించుకుపోతుంది, కాగితాన్ని సరిగ్గా ఆనించే ‘కెంతో’ గుర్తులు ఎంత సరిగ్గా చెక్కినా రంగు పక్కకు జరుగుతుంది. మే నెలలో ఇది పది నిమిషాల్లో జరుగుతుంది. వేసిన ప్రతి కాగితాన్నీ వెంటనే తడి దొంతరలోకి పెట్టేయండి. రంగులో చిటికెడు బియ్యపు గంజి కలిపితే సమంగా పరుచుకుంటుంది, ఎక్కువైతే కాగితం చెక్కకు అతుక్కుని చిరుగుతుంది.

జపాన్‌లో వాడేది చెర్రీ చెక్క. పెడన అచ్చుల పనివాళ్లు టేకు వాడతారని టేకు తెచ్చుకోకండి. గుడ్డకు అది బాగుంటుంది. సన్నగీతకు, నీటిరంగుకు ఆ నూనె, ఆ ముతక నార అడ్డొస్తాయి. మెత్తటి పైపొర ఉన్న మంచి ప్లైవుడ్ నేర్చుకోవడానికి సరిపోతుంది.

వింతగాళ్ల దారి, ఇవాళ్టి చేతులు

త్సుజీ నొబువో 1970లో ఇతో జకుచూ, సోగా షోహకు లాంటి ఎడో కాలపు విచిత్ర చిత్రకారుల మీద పుస్తకం రాసేదాకా వాళ్లను పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. ఆ పుస్తకం నుంచి ఇవాళ్టి చిత్రకారుడు మురకామి తకాషి దాకా గీత తిన్నగా ఉంది. ఆయన 1993లో నిహోంగాలోనే డాక్టరేటు తీసుకున్నవాడు, కార్టూన్లు వేసుకుంటూ వచ్చినవాడు కాదు. 1996 నాటి ‘727’లో అల మీద ఎగురుతున్న బొమ్మకు మూలం 12వ శతాబ్దపు షిగీసాన్ పటంలో మబ్బెక్కి వచ్చే దేవుడు. 2012లో 100 మీటర్ల ‘500 మంది అర్హతులు’ (సిద్ధి పొందిన బౌద్ధ భిక్షువులు) వేశాడు. ఒక్కరి చేతికి అయ్యే పని కాదది, పెద్ద పనిశాల చేసింది. ఒంటరిగా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఆయన్ని కాకుండా ఆయన చూసిన జకుచూని చూడటం మంచిది.

ఒంటరివాళ్లకు యమగూచి అకిరా ఇంకా దగ్గరవాడు. తైలవర్ణాల్లో చదువుకుని, యమాతో-ఎ కప్పులేని ఇళ్లలో ఇప్పటి డిపార్ట్‌మెంట్ స్టోర్లను పెడతాడు. సూటువాడి పక్కన సమురాయ్ నడుస్తుంటాడు. దీనికి జిగురు, రేకు, ఖనిజం ఏవీ అక్కర్లేదు. పెన్ను, నీటిరంగు, స్కేలు చాలు. వాలుగీతలు అన్నీ ఒకే కోణంలో, 30 డిగ్రీల దరిదాపుల్లో, ఎక్కడా కలవకుండా సాగాలి. దూరంలో ఉన్న మనిషిని చిన్నగా చేయకూడదు. ఒక్క మెట్లవరుసను పాశ్చాత్య పద్ధతిలో దూరాన కలిపేశారంటే భవనమంతా కూలినట్టు కనిపిస్తుంది. అతుకులు కుదరనిచోట పాతవాళ్లలాగే ఒక మబ్బు పెట్టి దాచేయండి, అది మోసం కాదు, 800 ఏళ్ల ఆచారం. సికింద్రాబాద్ స్టేషన్‌నో, రైతుబజారునో ఇలా పై నుంచి వేసి చూడొచ్చు.

అయితే ఏది?

వారానికి రెండు సాయంత్రాలే ఉన్నాయా? గీత దారి లేదా యమగూచి దారి, ఎందుకంటే మధ్యలో ఆపి లేవొచ్చు. తడి పనిని ఫోన్ మోగినా వదలలేరు. అపార్ట్‌మెంట్‌లో ఒకే బల్ల ఉండి దాని మీదే భోజనం చేసేవాళ్లు అచ్చు పని జోలికి పోవద్దు, చెక్కపొట్టు అన్నంలోకి వస్తుంది. నీటిరంగుల్లో ఇప్పటికే చెయ్యి తిరిగినవాళ్లు మసకరూపం సులువనుకుంటారు గానీ, వాళ్లకు మేలు చేసేది రింపా. అలవాటైన మృదుత్వాన్ని అది కోసేస్తుంది. గ్రాఫిక్ డిజైనర్లకు సలహా తిరగేసి చెప్పాలి, వాళ్లు సిరా దారిలో ఆరు నెలలు తడవాలి. సొంతంగా అమ్ముకోవాలనే ఆలోచన ఉంటే అచ్చు ఒక్కటే ఒకే పనికి 50 కాపీలిస్తుంది.

రెండు దారులు కలపాలనుకుంటే మొదటి ఏడు వద్దు. కలిపినప్పుడు కూడా షున్సో పిల్లిలా ఒకటి ముందు, ఒకటి వెనక ఉండాలి. రెండూ ఒకేచోట కలిస్తే తడి అంచుకూ ఇనుపతీగకూ పొసగదు.

అచ్చు, యమగూచి దారులు తప్ప మిగతా ఏ దారికైనా మొదటి నెల కొనాల్సింది ఇంతే: ఒక వెడల్పు కుంచె, ఒక సన్నగీత కుంచె, ఒక సిరా కర్ర, నూరే రాయి, 50 గ్రాముల నికావా, కిరాణా కొట్లో దొరికే పటిక, చేతితయారీ కాగితం ఇరవై తావులు. బంగారు రేకు బుట్టలో వేసుకున్నా డబ్బు కట్టేముందు తీసేయండి. తరాషికోమి చుక్క పదిసార్లలో ఏడుసార్లు అనుకున్నచోట నిలిచాక మళ్లీ కొట్టుకు వెళ్లొచ్చు.